వీపు మీద చెయ్యి

జూన్ 3, సోమవారం

ఇవాళ ఎవరో ఒకాయన ఫోన్ చేశాడు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడట. ఇరవై రెండేళ్ల క్రితం నేను గోల్డ్ గెలిచిన జిమ్నాస్టిక్స్ పోటీలోనే వాళ్లమ్మాయి కూడా దిగిందట, పదిహేడో స్థానం వచ్చిందట. ఇప్పుడు తీరిక దొరికి ఇంట్లో ఉన్న పాత క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాడట. వాటిలో నా బార్స్ రొటీన్ కూడా ఉందట. టీవీ వాళ్లు తీసిన వైపు నుంచి కాదు, ఎదుటి గ్యాలరీ నుంచి. చాలా క్లియర్‌గా వచ్చింది మేడమ్, మీ మాస్టారు కూడా అందులో బాగా పడ్డారు అన్నాడు.

మాస్టారు కూడా అంటే ఏమిటి? నా వీడియో గురించి చెప్పడానికి ఫోన్ చేసినవాడు మాస్టారి ఊసెందుకు ఎత్తాలి?

బిజీగా ఉన్నానని చెప్పి పెట్టేశాను. తర్వాత గంటసేపు ఏ పనీ తోచలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నా వ్యవహారం.

జూన్ 4

ఇన్నేళ్లలో ఎక్కడా రాయనిది రాస్తున్నాను. ఈ నోట్‌బుక్ చదివేవాళ్లు లేరు, తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

పై బార్ చుట్టూ ఊగి, చేతులు వదిలేసి, బార్ మీదుగా ఎగిరి, గాలిలో ఒక పూర్తి తిప్పు తిరిగి, మళ్లీ అదే బార్ పట్టుకోవాలి. అది అప్పటిదాకా ఎవరూ చేయలేదు. పందొమ్మిదేళ్లప్పుడు నేను చేశాను. ఆ ఏడాది నుంచి నియమాల పుస్తకంలో దానికి నా పేరే ఉంది. ప్రపంచంలో ఏ మూల ఏ అమ్మాయి చేసినా నా పేరు పలకాల్సిందే.

ఇలాంటివి చేసేటప్పుడు కోచ్ బార్ కింద నిలబడవచ్చు. కానీ తాకకూడదు. తాకితే ఆ విన్యాసం లెక్కలోకి రాదు, పైగా ఒక పాయింట్ కట్. నేను గెలిచింది మూడు పదోవంతుల తేడాతో.

ఆ రోజు గాలిలో తిరుగుతున్నప్పుడు నా వీపు మీద చెయ్యి పడింది. నడుముకి జానెడు పైన, ఎడమ పక్క. పడింది. నాకు తెలుసు.

జడ్జీలు చూడలేదు. టీవీ కెమెరాకి నా ఒళ్లే అడ్డం వచ్చింది. ఆ సాయంత్రం మాస్టారిని అడిగాను. పిచ్చా నీకు, నేను గాలిని కూడా తాకలేదు అన్నారు. అంటున్నంతసేపూ బ్యాగులో ఏదో వెతుక్కుంటున్నారు, నా ముఖంలోకి చూడలేదు. ఆరేళ్ల వయసు నుంచి నన్ను పెంచిన మనిషిని ఆ క్షణం నుంచి నమ్మలేదు. ఏడాది తిరక్కుండా వేరే కోచ్ దగ్గరికి వెళ్లిపోయాను. భుజం నొప్పి అని పేపర్ల వాళ్లకి చెప్పి ఆ విన్యాసం రొటీన్‌లోంచి తీసేశాను. భుజం నిక్షేపంలా ఉండేది. ఇంకో రెండు మెడల్స్ తేలికవాటితోనే లాగించి, ఇరవై నాలుగేళ్లకి మానేశాను.

నా తర్వాత వేరే దేశాల అమ్మాయిలు ముగ్గురు అది చేశారు. ఆ వీడియోలు ఎన్నిసార్లు చూశానో. అమ్మాయిల్ని కాదు, కింద నిలబడ్డ కోచ్‌ల చేతుల్ని. ముగ్గురి మీదా నాకు అనుమానమే.

జూన్ 9, ఆదివారం

నా దగ్గర నేర్చుకునే మిడత ఆ విన్యాసాన్ని తన రొటీన్‌లో పెడతానంటోంది. జూలై పద్నాలుగున జాతీయ జట్టు సెలక్షన్. మొదటి ఐదుగురినే తీసుకుంటారు. అది లేకపోతే తనకి ఎనిమిదో స్థానం, ఉంటే నాలుగు.

పదకొండేళ్లప్పుడు నా హాలుకి వచ్చింది, ఇప్పుడు పదిహేడు. వచ్చిన రోజే బార్ మీంచి బార్ మీదకి గెంతుతుంటే మా అక్క మిడత అంది, అదే స్థిరపడిపోయింది. ఏడాదిగా నేర్పిస్తున్నాను. బాగా చేస్తోంది, నేను కింద నిలబడి చెయ్యి వేస్తే. రెండు వేళ్లు ఆనిస్తానంతే. ఆ రెండు వేళ్ల మీద ఎంత బరువు పడుతోందో నాకే తెలియదు.

జూన్ 12

బ్యాంకాయన సరాసరి హాలుకే వచ్చేశాడు. గొడుగు, చేతిసంచి, అరిగిపోయిన చెప్పులు. పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టాడు. నాకేమీ అక్కర్లేదు మేడమ్, మీ దగ్గర ఉంటే అందం అన్నాడు. ఏమీ అక్కర్లేదనే వాళ్లంటేనే నాకు భయం. అడిగేవాడికి ఇచ్చి పంపించొచ్చు.

ఒక ఫోటో మాత్రం దిగాడు నాతో. రేపు ఎక్కడైనా పెట్టాలంటే పనికొస్తుందని కాబోలు.

నేను ఆఫీసు గదిలోకి వెళ్లి వచ్చేసరికి గ్యాలరీ మెట్ల మీద మిడత పక్కన కూర్చుని తన ఫోన్‌లో ఏదో చూపిస్తున్నాడు. నన్ను చూసి ఇద్దరూ నవ్వారు. ఏమిటది అని అడగలేదు. అడిగితే భయపడ్డానని తెలిసిపోతుంది.

జూన్ 13

పెన్‌డ్రైవ్ సొరుగులో ఉంది. చూడలేదు.

జూన్ 16, ఆదివారం

మిడత అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఇక చెయ్యి తీసేయండి మేడమ్, మీరు చేసినట్టే చేస్తాను, ఎవరి చెయ్యీ లేకుండా.

నవ్వుతూ అంది. చేతులకి చాక్ పొడి రాసుకుంటూ, మామూలుగా. ఎంత మామూలుగా అంటే ఆ మాట రెండు రోజులు నోట్లో పెట్టుకుని తిరిగి ఉంటుంది. వీడియో చూసేసింది. ఆ ముసలాయన చూపించేశాడు. ఇప్పుడు నన్ను ఆడిస్తోంది.

ముందు మ్యాట్లు సర్దు అని కసిరాను. నవ్వు మానేసి మ్యాట్లు సర్దింది.

జూన్ 17

అక్కకి చెప్పక తప్పలేదు. కింది పోర్షన్‌లోనే ఉంటుంది, మిషన్ మీద మా పిల్లల లియోటార్డ్‌లన్నీ తనే కుడుతుంది. నా మొదటి డ్రెస్సు కూడా తనే కుట్టింది. నోరు మాత్రం కత్తెర కంటే పదును.

అంతా విని, ఈ మాత్రం దానికి ఇరవై రెండేళ్లు అన్నం తినకుండా ఉన్నావా అంది. నేను తింటూనే ఉన్నానన్నాను. అందుకే అంటున్నా, తిన్నది ఒంటికి పట్టలేదు అంది. పోనీ నేను చూసి చెప్పనా, ఉందో లేదో ఒక్క ముక్కలో తేలిపోతుంది కదా అంది.

వద్దన్నాను. ఉన్నా లేదనే చెబుతుంది, నా మీద ప్రేమకొద్దీ. మరి నువ్వే చూడు అంది. చూస్తే తెలిసిపోతుంది. తెలిసిపోయాక ఏం చేయాలి? పుస్తకంలోంచి నా పేరు చెరిపేయమని ఉత్తరం రాయాలా? రాయకపోతే రోజూ అద్దంలో ఎవరిని చూడాలి? తనకేం, మిషన్ దడదడలాడిస్తూ మాట్లాడుతుంది.

జూన్ 23, ఆదివారం

మాస్టారి దగ్గరికి వెళ్లాను. పదకొండేళ్లయింది చూసి. కూతురింట్లో ఉంటున్నారు. ఎనభై దాటాయి, వేళ్లు వణుకుతున్నాయి, అయినా టేబుల్ ఫ్యాన్ విప్పి స్క్రూలన్నీ పేపరు మీద పరుచుకుని కూర్చున్నారు. నన్ను చూసి, వచ్చావా అమ్మాయ్, ఆ చిన్న స్క్రూడ్రైవర్ ఇలా అందుకో అన్నారు. నిన్న సాయంత్రమే విడిపోయినట్టు.

అడిగేశాను. ఆ రోజు నన్ను తాకారా అని.

తాకలేదు అన్నారు. ఈసారి ముఖంలోకి చూసే అన్నారు. రెండేళ్లపాటు రోజుకి ముప్పై సార్లు నీ వీపు మీద చెయ్యేశాను, పోటీకి నెల ముందు తీసేశాను, నీకు చెప్పలేదు, చెబితే భయపడతావు, చెయ్యి ఉందనుకునే నువ్వు ఎగిరేదానివి అన్నారు. తీసేస్తే నాకు తెలియదా అన్నాను. తెలియలేదు కదా అన్నారు.

మరి ఆ సాయంత్రం నా ముఖంలోకి ఎందుకు చూడలేదు అంటే, ఏ సాయంత్రం అని అడిగారు. గుర్తు లేదట. నిజంగా లేదో, లేనట్టు నటిస్తున్నారో. ఫ్యాన్ బిగించి స్విచ్ వేశారు. తిరిగింది. ఒక స్క్రూ మాత్రం పేపరు మీదే మిగిలిపోయింది.

ఎంత చక్కగా అల్లారు కథ. ఇరవై రెండేళ్ల టైము దొరికితే ఎవరైనా అల్లుతారు.

జూన్ 30

ఇవాళ చెయ్యి తీసేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. మిడత ఊగింది, వదిలింది, నా చెయ్యి దానంతటదే వెళ్లింది. ఆరుసార్లు చేసింది, ఆరుసార్లూ వెళ్లింది. కిందికి దిగి చేతులకి కట్టుకున్న గ్రిప్స్ విప్పి పారేసింది. మీకు నా మీద నమ్మకం లేదు మేడమ్ అంది. నీ మీద కాదు అన్నాను. మరి ఎవరి మీద అంది.

నేను ఒంటరిగా చేయలేని పని ఈ పిల్ల ఒంటరిగా ఎలా చేస్తుంది? ఆ మాట పైకి అనలేను కదా.

జూలై 6

మిడత వారం రోజులుగా నాకంటే గంట ముందొచ్చి, ఫోమ్ ముక్కలు నింపిన గొయ్యి మీద ఒంటరిగా అదే చేస్తోందట. వాచ్‌మన్ చెప్పాడు. పడిందా అంటే, పడలేదమ్మా, పట్టుకుంటూనే ఉంది అన్నాడు. వాచ్‌మన్‌కి జిమ్నాస్టిక్స్ ఏం తెలుసు? పైగా మిడతని లోపలికి వదిలినందుకు తిడతానని అబద్ధం చెప్పొచ్చు.

జూలై 7

హాలు తాళంచెవి వాచ్‌మన్ దగ్గర్నుంచి తీసేసుకున్నాను.

జూలై 14, ఆదివారం, ఉదయం 6

మిడతకి మాటిచ్చాను. చెయ్యి వేయను. కింద నిలబడతానంతే. ఒట్టు వేయండి అంది. వేశాను. అక్క కొత్త డ్రెస్సు కుట్టింది, నీలం రంగు. అక్క కూడా వస్తోంది. అందరూ నన్నే కనిపెట్టి చూస్తున్నట్టుంది.

సాయంత్రం 5

చెయ్యి వేశాను.

ఎలాగని నన్ను అడగొద్దు. ఊగింది, వదిలింది, పైన తిరిగింది, నాకు అది పడిపోతున్నట్టే కనిపించింది. మెడ మీద పడితే ఏమవుతుందో చూసినదాన్ని నేను. వీపు నా వేళ్లకి తగిలింది. బార్ పట్టుకుంది, మిగతా రొటీన్ అంతా పూర్తి చేసింది, దిగడం కూడా అడుగు కదలకుండా దిగింది. హాలంతా చప్పట్లు కొట్టింది. జడ్జి మాత్రం కోచ్ తాకిందని రెండు వేళ్లు ఎత్తింది.

విన్యాసం లెక్కలోకి రాలేదు. ఒక పాయింట్ పోయింది. తొమ్మిదో స్థానం. ఐదో అమ్మాయికీ తనకీ ఒక్క పాయింటే తేడా.

వేదిక దిగుతుంటే మిడత ఏడవలేదు. అక్క దాన్ని దగ్గరికి తీసుకుంది. నన్ను తీసుకోలేదు.

జూలై 15

మిడత ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. నా వేళ్లు బార్ మీద పడ్డాకే మీ చెయ్యి తగిలింది, అప్పటికే పట్టుకున్నాను, నాకు తెలుసు అంది. పడిపోయేదానివి అన్నాను. లేదు అంది. గట్టిగా, ఖచ్చితంగా అంది.

వెళ్తూ వెళ్తూ ఇంకో మాట అంది. ఆ బ్యాంకు తాతగారు నా ఫోన్‌కి పంపిన వీడియో వంద సార్లు చూశాను, అందులో మీరు చేసినట్టే చేయాలనుకున్నాను మేడమ్, మీరు నాకు అంత ఇష్టం అంది.

జూలై 16

చూశాను.

నలభై ఆరు సెకన్లు. నేను పై బార్ మీదకి రాగానే మాస్టారు కిందికి వచ్చి నిలబడ్డారు. నిలబడి చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నారు. కుడి మణికట్టుని ఎడమ చేత్తో పట్టుకున్నారు. నేను వదిలినప్పుడు ఆయన భుజాలు ఒక్కసారి ఎగిరాయి. చెయ్యి ముందుకు రావాలని చూసింది, ఎడమ చెయ్యి రానివ్వలేదు. నాకూ ఆయనకీ మధ్య మనిషి దూరేంత ఖాళీ ఉంది. అందులో ఏమీ లేదు. నేను బార్ పట్టుకున్నాక ఆయన మ్యాట్ మీద కూలబడ్డారు.

పదకొండుసార్లు చూశాను. పన్నెండోసారి కూడా ఎక్కడైనా చెయ్యి దొరుకుతుందేమోనని వెతికాను. నా బుద్ధి అంత వంకర.

నేనే చేశాను. ఒక్కదాన్నే. ఈ సంతోషం ఇరవై రెండేళ్ల క్రితం నాకు రావాల్సింది. ఇప్పుడు దీన్ని పట్టుకుని ఏం చేసుకోను? నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

జూలై 17

మాస్టారికి ఫోన్ చేశాను. వీడియో చూశానని చెప్పాను, క్షమించమన్నాను. దానికేముందిలే అన్నారు. ఆ పిల్ల చేసిందా అని అడిగారు. చేసింది, నేనే చెయ్యి అడ్డం పెట్టాను అన్నాను. చెయ్యి ఆపుకోవడం చాలా కష్టం అమ్మాయ్, నీకు అది నేర్పకుండానే వెళ్లిపోయావు అన్నారు.

జూలై 21

మిడత వేరే హాల్లో చేరుతోందని అక్క చెప్పింది. డ్రెస్సులు మాత్రం నీ దగ్గరే కుట్టించుకుంటాను పెద్దమ్మా అందట.

జూలై 27, శనివారం

గ్రిప్స్ తీసుకెళ్లడానికి మిడత వచ్చింది. తలుపు దగ్గర ఆగింది. మీరు చెయ్యి వేయకపోయినా నేను పట్టుకునేదాన్నేనా మేడమ్ అని అడిగింది. పదిహేనో తారీఖున నాకు తెలుసు అంది, ఇప్పుడు నన్ను అడుగుతోంది.

పట్టుకునేదానివే అన్నాను. ముఖంలోకి చూసే అన్నాను.

నమ్మలేదు.