అమ్మ పేరు కింది చుక్క

మెజియాన్ అన్నయ్యకు,

ఊరి ఆడవాళ్ళ పాటలన్నీ కంప్యూటర్లో ఎక్కించిన దెహ్బియా పిన్ని, పోయిన అమ్మ పాటలు మాత్రం కావాలనే వదిలేసిందని నువ్వు ఆమెతో మాట్లాడటం మానేశావు. అమ్మ పేరు వెతికితే ఒక్కటీ రాలేదు మరి.

పిన్నిది పాత ఫ్రెంచి కీబోర్డు. అమ్మ పేరు 'తావెస్' అని లాటిన్ లిపిలో రాయాలంటే మొదటి అక్షరం T కొట్టి, దాని కింది చుక్కను విడిగా కొట్టేది. వెతికేటప్పుడు మనం చుక్కతో సహా ఒకే అక్షరంగా కొట్టాం. కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్ లోపల ఆ అక్షరాలకు ఉండే అంకెలు వేరు. రెండింటినీ ఒకటిగా చూడమని దానికి చెప్పగానే, ఆలివ్‌లు ఏరుతూ అమ్మ పాడినవన్నీ తెర నిండా వచ్చాయి. ఇన్నాళ్ళూ అమ్మ ఆ చుక్క చాటునే ఉంది.

"మీ అమ్మ ఎక్కడికీ పోలేదే. నేను పిలిచినట్టు మీరు పిలవలేదంతే" అంది పిన్ని.

శుక్రవారం ఇంటిల్లిపాదీ కలిసి తినే కుస్కుస్ రవ్వ పళ్ళెంలో నీ చెంచా కూడా పెడుతుందట.

నీ చెల్లి