గడ్డకట్టిన పొడి

అక్కా,

నేను బాగానే ఉన్నాను, ఎడమ చేతి మీద వెంట్రుకలు మాత్రం కాలాయి. నిన్న మా వర్క్‌షాపు క్యాంటీన్‌లో మూకుడులో నూనె అంటుకుంది. "చూస్తారేంట్రా, నీళ్లు కొట్టండి" అంటూ ఫోర్‌మన్ తానే చెంబుడు నీళ్లు కుమ్మరించాడు. నీళ్లు నూనె అడుక్కి దిగి ఒక్కసారిగా ఆవిరయ్యాయి, మండే నూనె పైకప్పు దాకా ఎగిరింది. నాకు కోపంతో ఒళ్లు మండింది. గోడకున్న, మంటలార్పే ఎర్ర సిలిండర్ లాక్కొచ్చి నొక్కితే గాలి బుస్సుమంది గాని పొడి రాలేదు. ఆ పొడి మన వంటసోడా లాంటిదే. వేడికి బొగ్గుపులుసు వాయువు వదులుతుంది, మంటలో సాగే రసాయన చర్యను మధ్యలోనే తెంపేస్తుంది. అప్పుడప్పుడూ తలకిందులు చేసి కుదపకపోతే అడుగున పేరుకుని రాయైపోతుంది. చివరికి వంటావిడ "తప్పుకోండి" అని మూకుడు మీద పళ్లెం బోర్లించింది. గాలి అందక మంట చచ్చింది.

బావ తన కొట్లో సిలిండర్‌కి తువ్వాలు తగిలిస్తాడుగా, ఈరోజే దాన్ని దించి కుదపమను. నువ్వు పొయ్యి పక్కన మూత ఉంచుకో. నా నీలం చొక్కా పంపావా? అమ్మకి ఇది చదివి వినిపించకు. పిల్లలకు ముద్దులు.

మిగతాది కార్డు అంచున ఇరికిస్తున్నాను, పోస్ట్‌మన్ చదివితే చదవనీ. సిలిండర్లు చూసుకోవడం చేతకాదా అని ఫోర్‌మన్‌ని అందరి ముందూ కడిగేశాను. ఆయన సిలిండర్ మెడలోని చీటీ చూపించాడు. నెలనెలా కుదిపినట్టు ఆరు సంతకాలున్నాయి. ఆరూ నావే, ఒక్కసారీ దించలేదు.

నీ తమ్ముడు