ఇనుము మీద పెట్టిన మెషీన్

ఉప్పాడ,
అక్టోబరు 21, సోమవారం.

ప్రభువునందు ప్రియమైన తబితక్కకు,

నీ తమ్ముడు సాల్మన్ వందనాలు. ఇక్కడ మేమంతా వేళకు తింటున్నాం, తిరుగుతున్నాం. నీ మరదలు ఆశాజ్యోతికి మోకాలు నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గలేదు గానీ నువ్వు పంపిన పట్టీ వేసుకుని మందిరానికి నడిచి వెళుతోంది. దారిలో కనబడిన వాళ్ళందరికీ అది తణుకు నుంచి వచ్చిందని చెబుతోంది. బావగారికి మాత్రలు మార్చారని రాశావు. కొత్తవి పడుతున్నాయో లేదో ఈసారి రాయి.

వాట్సాప్ ఉండగా ఉత్తరం ఎందుకండీ అని ఆశాజ్యోతి అంటోంది. మాట్లాడదామంటే నీకు ఫోనులో వినబడదు. మెసేజి పెడితే నీకంటే ముందు నీ మనవరాలు చదివి గట్టిగా వినిపిస్తుంది. ఇది నువ్వొక్కదానివే చదవాలి. అందుకని రాస్తున్నాను.

సముద్రం నిజంగా సమాధుల తోటదాకా వచ్చిందా అని అడిగావు. వచ్చింది. జూన్‌లో తూర్పు గోడ పడిపోయింది. ఆగస్టులో మొదటి రెండు వరసలు పోయాయి. సరుగుడు చెట్లకు మొదళ్ళే మిగిలాయి. పైన ఇసుకంతా కోసుకుపోయి, నిలువు లోతున ఉండాల్సిన పెట్టెలు మోకాటి లోతుకు వచ్చేశాయి. చెక్క సిలువలు ఎప్పుడో కొట్టుకుపోయాయి. ఎవరు ఎక్కడున్నారో చెప్పగలిగిన పెద్దవాళ్ళు కూడా ఇప్పుడు లేరు.

దీపావళి అమావాస్యకు పోటు పెద్దదిగా ఉంటుంది. అది రాకముందే, గుర్తు దొరికిన వాళ్ళను రోడ్డు అవతల కొత్త స్థలానికి మార్చాలని సంఘ కమిటీ నిర్ణయించింది. గుర్తు దొరకని వాళ్ళందరినీ ఒకే గోతిలో పెట్టి ఒకే సిలువ వేస్తారు. పంచాయతీలోనూ చెప్పి ఉంచారు. ఆశీర్వాదం వాళ్ళ తాత పెట్టెలో సోడాసీసా దొరికింది. లోపల పేరు రాసిన చీటీ ఉంది. అప్పట్లో కొందరు అలా పెట్టేవారట. ఆశీర్వాదం ఆ సీసాను పట్టుకుని రెండు రోజులు పేటంతా తిరిగాడు.

మన నాన్నకు గుర్తు గంట. ఆదివారం పొద్దున్నే పేట చుట్టూ తిరిగి ఆయన వాయించిన చేతిగంటను ఆయనతోనే పెట్టారని సంఘంలో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. పాస్టరు విజయ్ పాల్ గారు కూడా, "యెహెజ్కేలు గారిది సులువండి. గంట ఉందిగా, లోహాన్ని పసిగట్టే మెషీన్ పెడితే అదే పలుకుతుంది," అన్నారు. నేను తలూపాను.

కూలీలను పెట్టి తవ్విస్తే పోయేదానికి మెషీన్ ఎందుకని అడిగావు. మనం తవ్వితే పక్కవాళ్ళ మీద గడ్డపార పడుతుంది. ఐదారు గజాల మేరలో ఏడెనిమిది మంది ఉన్నారు. అందుకే కాకినాడలో టీవీలు బాగుచేసే శ్యాంబాబును అడిగాను. తుఫాను తగ్గాక ఒడ్డున బంగారం రేణువుల కోసం జనం ఇసుక జల్లెడ పడతారు చూడు, వాళ్ళలో ఇతను కూడా ఉంటాడు. కాకపోతే మెషీన్‌తో వస్తాడు. ఇతని దగ్గర రెండున్నాయి.

మొదట తేలికదాన్ని తెచ్చాడు. అది మన ఒడ్డుకు పనికిరాలేదు. ఇక్కడి ఇసుకలో నల్లదనం నీకు గుర్తుండే ఉంటుంది. పాత స్పీకరులోని అయస్కాంతాన్ని అందులో తిప్పి తీస్తే చుట్టూ మీసాలు మొలిచినట్టు నల్లటి పొడి అంటుకుంటుంది. అదంతా ఇనుము జాతి. దానికి తోడు ఉప్పునీటి తడి. తడికి సరిచేస్తే నల్ల ఇసుకకు అరుస్తుంది, నల్ల ఇసుకకు సరిచేస్తే తడికి అరుస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీతో నడిచే మెషీన్‌కు ఆ రెండూ ఒకేసారి చేతకావట. చేపల పాపాయి గంప దించి చూస్తూ నిలబడింది.

"ఏం మేస్త్రీ, ఈ వయసులో బంగారం మీద పడ్డావా?"

"మా నాన్న కోసం పాపాయీ."

"మీ నాన్నకి బంగారం ఎక్కడిదయ్యా? ఉంటే నువ్వు ఇంజన్ల కింద ఎందుకు దూరతావు?"

శ్యాంబాబు నవ్వాడు. ఆ మెషీన్‌ను కట్టేసి మర్నాడు రెండోది తెచ్చాడు. ఇది బరువు. ఒకేసారి నాలుగైదు ఫ్రీక్వెన్సీలతో పనిచేస్తుంది. నేలమీద తిప్పే చక్రాన్ని కాయిల్ అంటారు. దీనిది కంచమంత పెద్దది, అందుకని లోతుకు అందుతుంది.

నలభై ఏళ్ళు ఇంజన్ల చప్పుడు విన్నవాణ్ణి కాబట్టి దీన్ని పట్టుకోవడం నాకు తొందరగానే వచ్చింది. ముందు లోహం లేని చోటు చూసుకుని కాయిల్‌ను నేలకు దించుతూ ఎత్తుతూ ఉండాలి. ఇక్కడి మట్టి గొంతు ఇది, దీన్ని పట్టించుకోకు అని మెషీన్‌కు అలా చెబుతామన్నమాట. పది అడుగులకోసారి మళ్ళీ చెప్పాలి, ఎందుకంటే మన ఒడ్డున పది అడుగులకో రకం ఇసుక. జేబులో ఫోను, నడుముకు బెల్టు ఉండకూడదు. ఇక సెన్సిటివిటీ. అది ఎంత పెంచితే అంత దొరుకుతుందని నేను అనుకున్నాను.

"అది పెంచకండి మేస్త్రిగారూ," అన్నాడు శ్యాంబాబు. "పెంచితే ఇసుక మాటలు కూడా వినబడతాయండి. తగ్గించండి. తక్కువ వింటుంది గానీ విన్నది నిజం వింటుంది."

తగ్గించాక మెషీన్ నోరు మూసింది. కంచుకైతే సన్నటి గొంతుతో, ఇనుముకైతే బొంగురుగా పలుకుతుందని చెప్పి, ఇంట్లో ఏదైనా కంచు గిన్నె ఉంటే పాతి చూడమన్నాడు. వెతకబోయే వస్తువు లాంటిదాన్ని ముందు పాతి, దాని పలుకు చెవిలో పెట్టుకోవాలట. ఆశాజ్యోతి పుట్టింటి గిన్నె పాతి విన్నాం. తరవాత అతను ఏదో నొక్కి, "ఇనుం కట్ చేశానండి. ఇక మేకులూ, పడవ ముక్కలూ పలకవు. గంట ఒక్కటే పలుకుతుంది," అన్నాడు.

అతను టీ తాగడానికి వెళ్ళాక నేను ఇనుము మళ్ళీ పెట్టాను. పాపాయి దగ్గర రెండు కిలోల తూనిక గుండు అడిగి తెచ్చి ఇసుకలో పాతి దాని పలుకు కూడా విన్నాను. పొడవుగా, లావుగా ఉంది. మేకు పలుకు చప్పున తెగిపోతుంది, ఇది తెగదు. "నా గుండు ఇచ్చెయ్యి మేస్త్రీ, రేపు చేపలు నీ తలకాయతో తూచాలా?" అని పాపాయి ఇంటిదాకా వచ్చి పట్టుకెళ్ళింది.

నువ్వు చివర అడిగింది ఇదే. గంటను వెతుకుతూ ఇనుము మీద ఎందుకు పెట్టాడమ్మా మీ తమ్ముడు అని, పాపాయి దగ్గర విని పాస్టరమ్మగారు నీకు మెసేజి పెట్టారని రాశావు. నాన్నది దొరికాక చెబుదామని ఊరుకున్నాను.

నాన్న దొరికాడు.

శుక్రవారం పొద్దున్న ఆటు సమయానికి మొదలుపెట్టాం. తాడు కట్టి, అడుగు అడుగుకీ గీతలు గీసుకుని తిప్పాను. అంతటా మేకులే. పెట్టెకు ఆరు మేకులు వేసుకున్నా, అవి తుప్పు పట్టి ఉన్నా చిటుకు చిటుకుమంటూనే ఉంటాయి. నువ్వు గీసి పంపిన బొమ్మలో రెండో సరుగుడు మొదలు నుంచి ఆరు అడుగులు అని ఉంది. అక్కడ లేదు. తొమ్మిది అడుగుల దగ్గర పలికింది. పొడవుగా, లావుగా. శ్యాంబాబు చూసి, "ఇది ఇనుమండి, వదిలేయండి," అన్నాడు. నేను తవ్వమన్నాను.

ఇద్దరం చేతులతోనే తోడాం. మోకాటి లోతుకు కొంచెం పైనే ఒక తుప్పు ముద్ద తగిలింది. ఇసుక అంటుకుని కొబ్బరికాయంత అయింది. అతను గోకి చూశాడు.

"తూనిక గుండండి. పెట్టెలో గుండేంటండీ?"

"ఇదే మా నాన్న," అన్నాను.

"ఎలా చెప్తారండి? గంట లేదుగా."

పక్కన చెయ్యి ఎముక కనబడింది. దానిమీద మళ్ళీ ఇసుక కప్పి, సరుగుడు కర్ర పాతి వచ్చేశాం. సాయంత్రం పాస్టరుగారు వచ్చి చూశారు. గంట లేకపోతే ఎవరిదో చెప్పలేమని, కమిటీ ఒప్పుకోదని అన్నారు. ఎవరైనా గట్టి సాక్ష్యం చెబితే తప్ప వీరిని కూడా ఉమ్మడి గోతికే పంపాలి. ఆయన తప్పు లేదు. ఇంకో రెండు కుటుంబాలు కూడా అదే వరసలో తమ వాళ్ళున్నారని అంటున్నాయి.

సాక్ష్యం నా దగ్గరే ఉందక్కా.

నాన్న పోయిన రోజు నీకు గుర్తుంది. గంట నాలుక కదలకుండా నీ చేతిరుమాలు చుట్టింది నువ్వే. మోత రాకుండా పడుకోనివ్వండి అన్నావు. దాన్ని గోనె సంచిలో పెట్టి కుట్టమని నాకిచ్చావు, వలతాడుతో గట్టిగా కుడతానని. నేను పెరట్లోకి వెళ్ళి గంటను తీసి గడ్డివాములో దాచాను. సంచిలో కొట్టువాళ్ళ విరిగిన తూనిక గుండు పెట్టి కుట్టాను. బరువు సరిపోయింది. నువ్వే దాన్ని తీసుకెళ్ళి నాన్న కుడిచేతి పక్కన పెట్టావు.

అప్పటికి నాకు పద్దెనిమిది. ఇంజన్ పని నేర్చుకోవడానికి చేరి మూడు నెలలైంది. మేస్త్రి లేనప్పుడు పడవ ఇంజన్ విప్పి, ఒక బుష్‌ను, అంటే ఇరుసు తిరిగే కంచు తొడుగును, పగలగొట్టాను. ఇంజన్ కదలకపోతే పడవ కదలదు, వేట లేదు. దానికి లోహం నువ్వే తెచ్చుకో, లేకపోతే రాకు అన్నాడు మేస్త్రి. అప్పటికే నాన్న జబ్బుగా ఉన్నాడని ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మూడోరోజు ప్రార్థన అయ్యాక గంటను కాకినాడ తీసుకెళ్ళి కరిగించి బుష్ పోయించాను. నీ చేతిరుమాలు పోత పొయ్యిలో వేశాను.

గంట కంచు పెళుసుగా ఉంటుంది. మోగడానికి మంచిది, బరువు మోయడానికి పనికిరాదు. ఆ సంగతి నాకు తెలియదు. ఆ బుష్ నెల తిరగకుండా బీటలిచ్చింది. ముక్కలు తుక్కులోకి పోయాయి. ఈలోగా మేస్త్రి నన్ను పనిలో ఉంచుకున్నాడు. తరవాత నేను తిన్న తిండంతా ఆ పని మీదే తిన్నాను. ఆశాజ్యోతికి కూడా శనివారమే చెప్పాను. అన్నం వడ్డిస్తూ విని, "అక్కగారికి ముందు చెప్పండి," అంది.

నువ్వు బడిలో టీచరుగా ఉన్నన్నాళ్ళూ నాన్న గంట గురించి పిల్లలకు చెప్పేదానివని నాకు తెలుసు. పండగకు వచ్చినప్పుడల్లా సమాధి మీద చెయ్యి పెట్టి కుడిపక్కన తడిమేదానివి. అది చూసి నేను అవతలికి పోయేవాణ్ణి. చెప్పకపోవడానికి కారణం అంటూ ఏమీ లేదు. మొదటి ఏడాది భయం, తరవాత అలవాటు అయిపోయింది.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంటుంది. అక్కడ లేచి ఇదంతా చెబుతాను. గుండు మీద ఒక మూల విరిగి ఉంటుందని ముందే చెప్పి, తరవాత తుప్పు కొట్టి చూపిస్తాను. విరిగిన మూల ఎటువైపో నాకు గుర్తుంది. వాళ్ళు నమ్మడానికి అది చాలు. నమ్మితే మంగళవారం మారుస్తారు. నన్ను కమిటీలోంచి తీసేస్తారేమో, తీసేయనీ.

నువ్వు వద్దన్నా చెబుతాను. నాన్నను ఎవరో తెలియనివాడిగా గోతిలో వేయించలేను. కానీ నలుగురిలో నువ్వు వినకముందే నా నోట వినాలనే ఈ ఉత్తరం. సంఘం పెద్దలు అడిగితే, ఆ సంచిని చేతిలో పట్టుకున్నదానివి కాబట్టి దాని బరువు గురించి నువ్వు కూడా ఒక మాట చెప్పవలసి వస్తుంది.

శనివారం రాగలిగితే రా. తణుకు నుంచి రాజమండ్రి వచ్చి కాకినాడ బస్సు పట్టుకో, అక్కడికి నేను ఆటో తీసుకుని వస్తాను. వెనక సీటు నీకు, నేను డ్రైవరు పక్కన కూర్చుంటాను, దారిలో మాట్లాడనవసరం లేదు. ఇది చదివాక మా ఇంట్లో దిగాలని లేకపోతే, పాస్టరమ్మగారితో చెప్పి ఉంచాను. వాళ్ళ ముందుగదిలో మంచం ఖాళీగా ఉంది, మెట్లు కూడా లేవు.

ఇట్లు
నీ తమ్ముడు,
సాల్మన్