డ్రిల్లు పీరియడులో చంటిపిల్లల విషయమై

తిరువూరు,
22-8-1974

పాఠశాలల డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారి సముఖమునకు, తిరువూరు శివారు పాలెం ఎలిమెంటరీ బడి ఉపాధ్యాయుడు మరియదాసు వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: డ్రిల్లు పీరియడులో కోలాటం నేర్పుట – చంటిపిల్లలను బడి గేటు దాటి తేరాదన్న తమ ఉత్తర్వు రద్దు చేయ ప్రార్థన.

1. డ్రిల్లు పీరియడులో పిల్లలకు నృత్యము నేర్పవలెనని ఉత్తర్వు ఇచ్చినది తమరే. నా శరీరము అందుకు అనువైనది కాదని అప్పుడే మనవి చేసుకొంటిని. తమరు వినక విస్సన్నపేట ట్రైనింగుకు పంపితిరి. అక్కడ కుర్ర మేష్టర్లు నా గంతులు చూసి నవ్వినారు. అయినా కోలాటం నేర్చుకొని వచ్చి పిల్లలకు నేర్పితిని.

2. మా పాలెంలో తల్లులు నాట్లకు పోతారు. ఆడపిల్లలు చంటి తమ్ముళ్లను, చెల్లెళ్లను చంకనేసుకొని బడికి వస్తారు. చంకలో బిడ్డ ఉంటే చేతుల్లో కోలాటం కర్రలు ఎట్లా పట్టేది? అందుచేత ఆ పీరియడు సేపు బిడ్డలను నేను ఎత్తుకొని, కూర్చున్నచోటనే పాట పాడుచుంటిని.

3. తమరు తనిఖీకి దయచేసిన నాడు నేను లేచి నమస్కరించలేదన్నది నిజమే. ఒడిలో ఇద్దరు, భుజాన ఒకడు. భుజానవాడు అప్పుడే కునుకు తీసినాడు. నేను లేస్తే వాడు లేస్తాడు, వాడు లేస్తే మిగతా ఇద్దరూ రాగం అందుకుంటారు. "ఇది బడా, బాలింతల వార్డా?" అని తమరు పిల్లల ముందర గద్దించినారు. ఆ కేకకు ముగ్గురూ లేచినారు. "విధి నిర్వహణలో కదలక కూర్చొనుట" అని మెమో ఇచ్చినారు. మెమో సంగతి వదిలేయండి. చంటిపిల్లలు గేటు దాటరాదని ఆర్డరు వేసినారే, దానితో నా బడి సగం ఖాళీ అయినది.

4. ఆడపిల్లలు మానివేసినారు. జత లేని మగపిల్లలు కర్రలతో ఒకరి వీపు ఒకరు వాయించుకుంటున్నారు. ఇల్లిల్లూ తిరిగితిని. నాలుగో తరగతి ప్రేమావతి తల్లి మేరమ్మ, "చంటోణ్ణి పొలం గట్టున పడుకోబెట్టి నాట్లేయమంటారా మేష్టారూ? దీన్ని చదివించాలనే నాకూ ఉంది. పిల్లోణ్ణి ఎవరు చూస్తారో మీరే చెప్పండి" అన్నది. ఆ ప్రశ్ననే తమకు పంపుకొనుచున్నాను అయ్యా.

5. ప్రేమావతి ఒక్కతే రోజూ వస్తున్నది. తమ్ముణ్ణి చంకనేసుకొని కంచె అవతల నిలబడుతుంది. లోపల నేను పాట ఎత్తగానే రోడ్డు మీదే అడుగు వేస్తుంది. కర్ర లేదు, జత లేదు. ఖాళీ చేయి గాలిలో కొడుతుంది. బడి మొత్తానికి బాగా ఆడేది ఆ పిల్లే. బస్సులు పోయే రోడ్డు, నాకు భయంగా ఉన్నది. కడుపు మండుచున్నది కూడా.

కావున సదరు ఉత్తర్వు వెంటనే రద్దు చేయ ప్రార్థన. చిత్తగించవలెను. చిత్తగించి ఫైలులో పడవేయవద్దని మరీమరీ మనవి.

తమ విధేయుడు, మెమో ప్రకారము అవిధేయుడు,
మరియదాసు

తా.క.: నాట్లు అయిపోయేదాకా తమ జవాబు రాదని నాకు తెలుసు. అందుకని రేపటినుంచి డ్రిల్లు పీరియడులో నేనే గేటు బయట కూర్చొని చంటివాణ్ణి ఎత్తుకుంటాను. ప్రేమావతి లోపలికి పోయి ఆడుతుంది. బిడ్డ గేటు దాటడు, తమ ఆర్డరు చెల్లుతుంది. పాట బయటినుంచే పాడతాను. మిగతా తల్లులకూ కబురు చేశాను, బిడ్డల్ని పంపమని. ఈసారి మెమో ఇవ్వదలిస్తే నన్ను బడిలో వెతకకండి. లేచి నమస్కారం మాత్రం పెట్టలేను.