చీనీ చెట్లకు నీళ్లు

నాయనకు వందనాలు. అందరం బాగున్నాం, దిగులుపడకండి. ఒక్క సంగతి తేలక రాస్తున్నాను.

మీ అల్లుడు ఆదివారం ఆరాధన కూడా మాని, బోరు ఎండాక నీళ్ల ట్యాంకర్ల వెంట తిరిగి చీనీ బత్తాయి తోటను కాపాడుతూ వచ్చాడు కదా. పోయిన నెల నా పోరు పడలేక గుడికి వచ్చాడు. దేవునికంటే దేన్ని ఎక్కువ ప్రేమిస్తే అదే మన విగ్రహమని పాస్టరుగారు చెప్పగానే లేచి నిలబడి, "నా చీనీ చెట్లే నా విగ్రహం. ఇడిసిపెడతాండా" అని ఏడ్చాడు. ఆ రోజే ట్యాంకరు మాన్పించాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం గుడికి వస్తున్నాడు. నేను సంతోషించాలి. కానీ ఆకులు ముడుచుకుపోతుంటే నాకు అన్నం దిగడం లేదు.

నిన్న సాయంత్రం గిన్నెలు కడిగిన నీళ్లు ఆయనకు తెలియకుండా ఓ చెట్టుకు పోద్దామని వెళ్లాను. ఆయనే బిందెతో అక్కడున్నాడు.

"ఇదేంది, ఇడిసిపెట్టినా అంటివే?" అన్నాను.

"విగ్రహానికి కాదు సలోమీ, చెట్టుకు పోస్తాండా. దానికి దప్పికైతాండాది" అన్నాడు, తలెత్తకుండా.

ఇది వదిలేయడమా, మళ్లీ పట్టుకోవడమా? మీరు సంఘపెద్ద, మీరే చెప్పాలి. అమ్మ మోకాలినొప్పి తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తుంటే కాసిన్ని ఉలవలు పంపండి. తమ్ముడికి నా దీవెనలు.

మీ జవాబు వచ్చేవరకు ఇద్దరం బిందెలతో పోస్తుంటాం.

మీ కూతురు
సలోమి, పామిడి