తూర్పుకి పొంగిన పాలు

సీతా,

ఈ యుద్ధంలో బాంబుల భయానికి జనమంతా సముద్రపొడ్డు వదిలి రావడంతో శ్రీకాకుళంలో అద్దె ఇళ్లు కరువయ్యాయి. చివరికి నాగావళి గట్టున రెండు గదులు దొరికాయి. నువ్వు పోయాక ఇదే మొదటి ఇల్లు.

ఇవాళ పాలు పొంగించబోతుంటే ఇల్లుగలావిడ ఆపింది. "ఏటి బాబూ, గిన్ని కింద పడమటేపు పెంకుముక్క పెట్టవా? వొంపుంటేనే కదా తూరుపుకి పొంగుతాది! ఆడోళ్లందరం అలాగే సేస్తాం."

పెట్టాను. తూర్పుకే పొంగాయి.

మనం మారిన ప్రతి ఇంట్లోనూ అంతే. నా జాతకబలమని అందరికీ చెప్పుకునేవాణ్ణి. నువ్వు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేదానివి.

ఒక్కటి చెప్పు. కళింగపట్నంలో, నువ్వు మంచం పట్టిన ఇంట్లోనూ తూర్పుకే పొంగాయి. అక్కడా పెంకు పెట్టావా? లేక ఆ ఒక్కచోటే వాటంతటవే పొంగాయా?