పాతర తెరిచిన పొద్దు

అత్తా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ పొద్దున మన మొక్కజొన్న పాతర తెరిచినాం. గింజలో పాలు సగం గట్టిపడినప్పుడే నీ కొడుకూ నేనూ చేను కోసి, చిన్న ముక్కలు చేసి, గాలి చొరకుండా గుంతలో తొక్కి మూసిపెట్టింటిమి. "పండే కంకుల్ని పాతేస్తాండారు, పిచ్చి పట్టిందా" అని లింగాల ఊర్లో నవ్వినారు. ఈ ఎండాకాలానికి మేత అదొక్కటే. చెడిపోయింటే బర్రెను అమ్ముకోవాల్సిందే.

గుంత పైన కప్పిన పట్ట ఎత్తితే సన్నగా ఆవిరి లేచింది. పులుపూ తీపీ కలిసిన వాసన. కలలో యాడో నడుస్తాన్నట్టు ఉండె నాకు. పశువుల డాక్టరు ఒక పిడికెడు తీసుకొని గట్టిగా పిసికి చూసినాడు. "బూజు లేదమ్మా. గింజలో బలం ఉన్నది ఉన్నట్టే ఉండాది. పాలు చిక్కబడతాయి" అన్నాడు.

గంపెడు పెడితే బర్రె కండ్లు మూసుకొని నమలబట్టింది. నువ్వు పోయినకాన్నుంచి, నీ వాసన పోతుందని ఉతక్కుండా దాచిన నీ చీర కప్పుకుంటే గానీ అది నాకు పాలు చేపదు. ఈరోజు ఆ వాసనలో పడి చీర సంగతే మరిచి పాలు పిండేదానికి కూచున్నా. మేత తింటానే చేపింది. చెంబు నిండినాక గుర్తొచ్చింది.

నీ చీర ఇంక ఉతకచ్చు అత్తా. చేతులే రావడం లేదు.